కుడిరెక్క మూడో ఈక

పురుగులు పట్టిన పిట్టను మొదటిసారి చేతిలోకి తీసుకున్న రోజున స్వరూప యూనివర్సిటీలో జువాలజీ డిపార్ట్‌మెంట్ వెనక గోడ పట్టుకుని నిలబడి, పొద్దున తిన్న ఉప్మా మొత్తం కక్కేసింది. రెండోసారి కక్కలేదు గానీ మధ్యాహ్నం డబ్బా మూత తీయలేదు. నాలుగో ఏడాది వచ్చేసరికి ఎడమచేత్తో చచ్చిన పిట్ట రెక్క పట్టుకుని, కుడిచేత్తో సమోసా తినే దశకు చేరింది. రోత పోవడం కూడా చదువులాంటిదే. రోజూ కూర్చుంటే దానంతట అదే వంటబడుతుంది.

ఆ పిట్టలు తీతువులు. చెరువు గట్ల మీదా బీడు భూముల్లోనూ పొడుగు కాళ్లతో పరుగెత్తుతూ, మనిషి నీడ పడితే చాలు నాలుగు వీధులకు వినబడేట్టు అరిచే రకం. అది ఇంటిమీద అరిస్తే చావు కబురు వస్తుందని జనం రాయి విసిరి తరుముతారు. ఆ సంగతేమో గానీ, తీతువు చచ్చిందంటే మాత్రం కబురు సరాసరి స్వరూపకే వచ్చేది. కరెంటు తీగకు తగిలినవి, కుక్కలు కొరికినవి, లారీ చక్రం కింద అట్టలాగా అతుక్కుపోయినవి. అటవీశాఖ ఇచ్చిన అనుమతి కాగితం సంచిలో పెట్టుకుని పోయి, కవర్లో చుట్టి తెచ్చి, డిపార్ట్‌మెంట్ పై అంతస్తులోని గదిలో ఫ్రీజర్‌లో పడేసేది. ఆ కవర్లు పట్టుకుని సిటీ బస్సెక్కితే కిటికీ పక్క సీటు ఎవరూ అడక్కుండానే ఖాళీ అయ్యేది.

తర్వాత ఒక్కో పిట్టను తీసి, మెత్తబడనిచ్చి, రెక్కలు కోసి, ట్రేలో పరిచి ఈకలు చూసేది. పిట్టకు ఈకలంటే మనకు బట్టల్లాంటివి. వాడగా వాడగా అంచులు చిరిగి, రంగు వెలిసిపోతాయి. గుడ్లు, పిల్లల గొడవ తీరాక పాతవి రాల్చేసి కొత్తవి తొడుక్కుంటుంది. కాకపోతే ఉన్నవన్నీ ఒక్కసారే విప్పి నిలబడితే కుక్క నోట్లో పడుతుంది కాబట్టి వరసగా మారుస్తుంది. ఎగరడానికి రెక్క చివర ఉండే పది పెద్ద ఈకల్లో లోపలి నుంచి మొదటిది, దాని తర్వాత రెండోది, ఆ తర్వాత మూడోది, అట్లా బయటి అంచు దాకా. కుడిరెక్కలో ఒకటి రాలితే ఎడమరెక్కలో దాని జోడు కూడా ఇంచుమించు అప్పుడే రాలుతుంది. రాలిన రంధ్రంలోంచి కొత్త ఈక నల్లటి పుల్లలా మొలుస్తుంది. పైన పల్చటి తొడుగు, లోపల నెత్తురు. వేలితో నొక్కితే చిట్లి, చల్లటి నల్ల జిగురు గోళ్ల సందుల్లోకి పోతుంది. సబ్బుతో ఎంత కడిగినా రాత్రి అన్నం కలిపేటప్పుడు మళ్లీ వాసన కొడుతుంది.

తీతువు జాతిలో ఈ వరస తప్పిన పిట్టను ఎవరూ చూడలేదు. అందుకే స్వరూప తెచ్చిన రెక్కల్లో వేరే వరస కనిపించినప్పుడు ఆమె గైడు కరుణాకర్ సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

కరుణాకర్ సార్ ఊరికే లేచే మనిషి కాదు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడు, ఒళ్లు బరువు. ఆ గదిలో కిటికీ పక్కన ఆయన కుర్చీ. ట్రే ముందు పెట్టుకుని, వెలుతురు కోసమని కిటికీ వైపు తిరిగి, తలుపుకు వీపు పెట్టి గంటలు గంటలు కూర్చునేవాడు. అప్పుడు ఎవరూ పలకరించకూడదు, సార్ ఆలోచిస్తున్నారని అర్థం. అనాటమీలో మాత్రం గట్టివాడు. కళ్లు మూసుకుని ఎముక తడిమి పిట్ట పేరు చెప్పగలడు. పురుగులను చూసి విద్యార్థులు మొహం చిట్లిస్తే, "అవ్వి మనకన్న శుభ్రంగ తింటయి, సిగ్గుపడుండ్రి" అనేవాడు.

ఆయన ఆ రోజు భూతద్దం దించి, "మూడోది లేదు," అన్నాడు. "మొదటిదున్నది, రెండోదున్నది, నాలుగోదున్నది. కుడిరెక్కల మూడోది లేదు. ఇంకో పిట్ట తియ్యమ్మా."

ఇంకోటి తీసింది. దానిలోనూ లేదు. అన్నిట్లో అని కాదు, చాలావాటిల్లో. ఎడమరెక్కలు మాత్రం అన్నీ నిండుగా ఉన్నాయి.

రెండు రోజులు కిటికీ వైపు తిరిగి ఆలోచించాక సార్ సిద్ధాంతం తయారైంది. "తీతువు నేలమీద గుడ్లు పెడ్తది గద. కుక్క వస్తే ఏం జేస్తది? రెక్క ఇరిగినట్టు నటించుకుంట, ఈడ్సుకుంట దూరం పోతది. కుక్క దాని ఎంబడి వడ్తది. గుడ్లు బతుకుతయి. మన హైదరాబాద్ల కుక్కలకు కొదువనా? పొద్దుందాక ఈడ్సుడే. ఆ రాపిడికి మూడో ఈక ముందుగాల ఊడుతున్నది. పట్నం పిట్టకు వచ్చిన మార్పు ఇది. ఇంతవరకు ఎవ్వడు రాయలే."

"మరి ఎడమరెక్క ఎందుకు ఈడ్వది సార్?" అనడిగింది స్వరూప.

"నువ్వు ఎడమచేత్తోని అన్నం తింటవా?"

ఆమెకు ఇంకో ప్రశ్న కూడా ఉంది. నేలకు రాసుకుంటే మూడోదాని పక్క ఈకల అంచులు కూడా అరగాలి కదా, అవి ఇస్త్రీ చేసినట్టు ఎట్లా ఉన్నాయి? కానీ అడగలేదు. థీసిస్ సమర్పించే ముందు కమిటీ ఎదుట సెమినార్ ఇవ్వాలి. ఆ సెమినార్ శుక్రవారం. అది దాటితే, దాని కింద సార్ సంతకం పడితే, నాలుగేళ్ల పురుగుల బతుకు ఒక ఒడ్డుకు చేరుతుంది. సార్ అప్పటికే సెమినార్ పేరు మార్చేశాడు. మూడో ఈక పేరులోకెక్కింది.

స్వరూప ఉండేది తార్నాకలో మేనమామ ఎంకన్న ఇంట్లో. కింద ఎంకన్న చికెన్ సెంటర్, పైన ఇల్లు. పొద్దున లేస్తే కోళ్ల అరుపు, పడుకుంటే కోళ్ల వాసన. పగలంతా తీతువులతో గడిపి సాయంత్రం ఇంటికొస్తే, మెట్ల కింద డ్రమ్ములో తడిసిన ఈకల కుప్ప, దాని మీద ఈగల కుప్ప.

"ఏందే కోడలా, ఇయ్యాల ఎన్ని పిట్టల బట్టలిప్పినవ్?" అనేవాడు ఎంకన్న కత్తి తుడుచుకుంటూ. "నేను ఈకలు పారేసి పిట్టను అమ్ముత. నువ్వు పిట్టను పారేసి ఈకలు దాస్తవ్. ఇద్దరం ఒక్క దుకాణం పెట్టుకుంటే నష్టమే ఉండది."

వచ్చిన గిరాకీలు కూడా నవ్వేవాళ్లు. ఒకసారి ఆమె బ్యాగులో కోడికాలు పెట్టి, నరం కొస బయటికి లాగి ఉంచాడు. బస్సులో బ్యాగు తెరిచి పెన్ను కోసం చెయ్యి పెట్టి ఆ నరం లాగితే, కోడిగోళ్లు ముడుచుకుని ఆమె వేలు పట్టుకున్నాయి. పక్కనున్న పెద్దావిడ దేవుడి పేర్లన్నీ చదివింది. సాయంత్రం స్వరూప ఆ కాలును మామ టీ గ్లాసులో నిలబెట్టింది. ఎంకన్న భార్య రాములమ్మ ఆ గ్లాసును కడగనని మొండికేసి, నాలాలో పారేసింది.

సెమినార్‌కు వారం ముందు, శుక్రవారం మధ్యాహ్నం గదిలో స్వరూప చేతిలోంచి, ఈకలు పట్టుకునే చిమ్టా జారి, ఫ్రీజర్‌కూ కిటికీ గోడకూ మధ్య సందులో పడింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి తడిమితే చిమ్టాతోపాటు ఒక ఈక వచ్చింది. తీతువు ఈకే. కానీ వింతగా ఉంది. పుల్లకు రెండు పక్కలా ఉండాల్సిన పీచు శుభ్రంగా పోయింది. కొసన మాత్రం బ్రష్షులాగా చిన్న కుచ్చు మిగిలింది. ఆ కుచ్చుకు గోధుమరంగు ముద్ద అంటుకుని ఉంది. కొంత ఎండి పొడిగా, కొంత ఇంకా తడిగా.

స్వరూప దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టింది. ఈకల్లో పేలు ఉంటాయి. అవి ఈక పీచును కొరికి తింటాయి. ఇంత నున్నగా తిన్న పేనును ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ ముద్ద పేను రెట్టో, గుడ్ల జిగురో అయి ఉండాలి. దగ్గరగా పెట్టుకుని వాసన చూసింది. పుల్లగా, మురిగిన నూనెలాగా ఉంది. ఇంకోసారి గట్టిగా పీల్చింది. తీతువుల మీద ఈ వాసన ఎప్పుడూ తగల్లేదు.

అదే గదిలో ఆ మూల కప్పల మీద పనిచేసే నాగేష్ అనే జూనియర్ స్కాలర్ ఉన్నాడు. వాడిని పిలిచింది.

"ఏందక్కా ఇది?" అని నాగేష్ ఆ ముద్దను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీసుకుని నలిపాడు. "మైనం లెక్కున్నది. సాగుతున్నది సూడు."

"ఏదో కొత్త పేను పని అనుకుంటున్న. వేస్ట్ చెయ్యకు. ఇటియ్యి."

మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. పసుపు పొలుసులు, దుమ్ము, ఒక తెల్లటి సన్న వెంట్రుక.

"పిట్టకు ఎంటికలుంటయా అక్కా?"

"ఎంటికల లెక్క సన్న ఈకలుంటయి. పెద్ద ఈకల మొదట్ల దాక్కుంటయి. గదే అయ్యుంటది."

ఆ ఈకను గాజుపళ్లెంలో పెట్టి, మూత వేసి, తేదీ రాసి, కూరగాయలు దాచుకున్నంత జాగ్రత్తగా ఫ్రీజర్ పై అరలో దాచింది. మూడో ఈక సార్‌దైతే ఈ పేను తనదని, సెమినార్ చివర ఒక బొమ్మ వేసి చూపిస్తానని అనుకుంటూ ఇంటికి నడిచింది.

ఆదివారం మధ్యాహ్నం గిరాకీ తగ్గాక ఎంకన్న దుకాణం ముందు స్టూలు మీద కూర్చున్నాడు. కోసిన కోడి రెక్క నుంచి ఒక ఈక పీకి, గోటితో రెండు పక్కలా పీచు గీకేశాడు. కొసన కుచ్చు ఉంచాడు. ఆ కుచ్చును చెవిలో పెట్టి, రెండు వేళ్ల మధ్య పుల్లను తిప్పడం మొదలుపెట్టాడు. ఎడమకన్ను మూసుకుంది. నోరు ఒక పక్కకు పోయింది. కాలి బొటనవేలు పైకి లేచి గాలిలో ఆడుతోంది. లోపలి నుంచి ఒక సన్నటి మూలుగు.

మెట్లు దిగుతున్న స్వరూప ఆగిపోయింది. ఆ మొహాన్ని ఆమె ఎక్కడో చూసింది. వెనక నుంచి, పక్క నుంచి, కిటికీ అద్దంలో సగం సగంగా. ఆ లేచిన బొటనవేలును కుర్చీ కింద చెప్పులోంచి బయటికొచ్చి ఉండగా చాలాసార్లు చూసింది. సార్ ఆలోచిస్తున్నారని అడుగుల చప్పుడు కాకుండా వెనక్కి వెళ్లిపోయింది.

ఎంకన్న ఈక బయటికి తీశాడు. కుచ్చును వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. దాని మీద గోధుమరంగు ముద్ద ఉంది.

"పట్నం దుమ్మంత నా చెవులనే ఉన్నదే కోడలా," అన్నాడు సంతోషంగా. "సూస్తవా? నీకు గూడ ఒకటి గీకియ్యాల్నా?"

స్వరూప ముక్కు పట్టుకుంది. రెండుసార్లు పీల్చిన ముక్కు. రెండోసారి గట్టిగా పీల్చిన ముక్కు. డ్రమ్ము దగ్గరికి పరుగెత్తి ఈకల మీదే కక్కింది. తడి ఈకలు, ఈగలు, తన అన్నం మెతుకులు ఒకదాని మీద ఒకటి కనిపించేసరికి మళ్లీ కక్కింది.

"ఏమైందే?" రాములమ్మ పై నుంచి తొంగిచూసింది. "ఏం పెట్టినవయ్యా పిల్లకు?"

"నేనేం పెట్టలే. నా గుబిలి సూపిచ్చిన అంతే."

"అవ్వో, నీ బతుకు చెడ. గదేమన్న లడ్డూనా సూపిచ్చెతందుకు?"

సోమవారం స్వరూప తలుపు సందులోంచి చూసింది. ఒకరి మీద నింద వేసేముందు కళ్లతో చూడాలి కదా. సార్ కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. ఒళ్లో ట్రే. అందులో మెత్తబడిన తీతువు. ఎడమచేతి బొటనవేలితో కుడిరెక్క మొదలు అదిమి పట్టాడు. ఆ వేలి కింద మొదటి రెండు ఈకలు పూర్తిగా దాక్కుపోయాయి. దాని పక్కన వేళ్లకు మొదట అందేది మూడోదే. బయటివి బిరుసుగా, కొస తేలి గుచ్చుకునేవి. మూడోది పొట్టిగా, మెత్తగా, కొస గుండ్రంగా ఉంటుంది. చెవికి అంతకన్నా మంచిది దొరకదు. కుడిచెయ్యి దాన్ని చిన్నగా లాగింది. గోరు పీచు గీకింది. కొసన మిగిలిన కుచ్చు చెవిలోకి పోయింది. సార్ కళ్లు మాత్రం చెట్ల మీద ఉన్నాయి. చేసేది చెయ్యి, దాంతో ఆయనకు సంబంధం లేనట్టే ఉంది. పని అయ్యాక ఆ చెయ్యి ఈకను పక్కకు వదిలింది. అది ఫ్రీజర్ వెనక సందులోకి జారింది.

ఆమె వెనక్కి తిరిగి పక్క గదిలోకి పోయింది. చేతుల్ని స్పిరిటుతో కడిగింది. ముక్కులోకి కూడా స్పిరిటు ఎక్కించి, కళ్లనీళ్లు పెట్టుకుంది. అంతా చేశాక అసలు రోత అప్పుడు మొదలైంది. కమిటీ ముందు నిలబడి, కర్ర పట్టుకుని చూపిస్తూ, సార్ చెవి దురదను హైదరాబాద్ కుక్కల మీద పెట్టి తాను చెప్పాలి. చెప్పకపోతే సంతకం లేదు. చెబుదామంటే, తండ్రి వయసు మనిషి దగ్గరికి పోయి, మీ గుబిలి సార్ అని ఏ నోటితో అనడం?

నోటితో అనకుండా చెప్పే దారి ఒకటి దొరికింది. దానంతటది రాలిన ఈక రంధ్రంలో కొత్త మొలక నెత్తురు నింపుకుని కూర్చుని ఉంటుంది. చచ్చిన పిట్ట నుంచి పీకిన ఈక రంధ్రంలో ఏముంటుంది? చిరిగిన చర్మం, ఖాళీ గుంట. ఆమె మూడో ఈక లేని రెక్కలన్నీ తీసి, రంధ్రాలు నిలువుగా కోసి, మైక్రోస్కోపు కింద వరసగా పెట్టి సార్‌ను పిలిచింది.

ఆయన ఒక్క చూపు చూశాడు. రెండోది చూశాడు. మొహం మాడిపోయింది.

"ఇది రాలలే," అన్నాడు. "గుంజిర్రు."

స్వరూప నేల చూసింది. ఇంకా కొంచెం ఆలోచిస్తే చాలు, మిగతాది ఆయనకే తెలుస్తుంది.

"ఎవడో గుంజిండు. పిట్ట సచ్చినంక, మన దగ్గరికొచ్చినంక గుంజిండు." ఆయన బల్ల మీద చరిచాడు. "నాలుగేండ్ల పని. కుక్కల మాట నేను కమిటీల పెద్దమనుషులకు గూడ చెప్పిన. ఈ రూముల ఎవరెవరుంటం? నేనుంట, నువ్వుంటవ్, వాడుంటడు. నేను గాదు. నువ్వు గాదు."

నాగేష్ ఆ మూల కప్పలకు నీళ్లు మారుస్తున్నాడు.

"సార్, నాగేష్ అట్ల..."

"కప్పలోళ్లకు పిట్టలోళ్లంటే ఎప్పటిసంది మంట. నీకు తెల్వదు."

ఆ సాయంత్రమే ఫ్రీజర్‌కు కొత్త తాళం వచ్చింది. తాళంచెవి సార్ తన జంధ్యం లేని మెడలో నల్లదారం కట్టి వేసుకున్నాడు. ఇక రోజూ ఆయనే తెరిచి, ఒక పిట్టను తీసి, కాపలాగా కిటికీ దగ్గర కూర్చుని, ఎవడు చేసి ఉంటాడా అని ఆలోచించేవాడు. ఎంత ఆలోచిస్తే అన్ని ఈకలు పోయేవి. గురువారం పొద్దున అప్పటిదాకా ఎవరూ ముట్టని రెక్కలో కూడా మూడోది లేకపోయేసరికి ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"తాళానికి మారుచెవి చేపిచ్చిండు," అన్నాడు. "రేపు సెమినార్. హెడ్ దగ్గరికి పోత. వాన్ని ఈ రూముల నుంచే కాదు, డిపార్ట్‌మెంట్ల నుంచే పంపిస్త. పిలువు వాన్ని."

స్వరూప కదల్లేదు. సంతకం పోతుందని నాలుగు రోజులు నోరు కుట్టుకున్నందుకు ఇప్పుడు నాగేష్ మెడకు చుట్టుకుంది. ఆ ముద్దను వాసన చూసినప్పటి కన్నా ఎక్కువ వాసన తన దగ్గరే వస్తున్నట్టనిపించింది. ఒంటి మీది చున్నీ కూడా ముట్టుకోబుద్ధి కాలేదు.

పిలవకముందే నాగేష్ వచ్చి నిలబడ్డాడు. "నేను ముట్టలే సార్. మా అమ్మ మీద ఒట్టు. నాకు పిట్ట ఈకలెందుకు సార్?"

"గదే నేనడిగేది. ఎందుకు? ఏం లాభం నీకు?"

ప్రశ్న అడిగి, సార్ జవాబు కోసం కిటికీ వైపు తిరిగాడు. నిజంగానే ఆలోచనలో పడ్డాడు. ట్రే ఒళ్లోనే ఉంది. నాగేష్ గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతున్నాడు: తాను ఎప్పుడొస్తాడో, ఎప్పుడు పోతాడో, తన కప్పలకే తిండి పెట్టడానికి టైము చాలదని. సార్ ఎడమ బొటనవేలు రెక్క మొదలు అదిమింది. కుడిచెయ్యి చిన్నగా లాగింది. గోరు గీకింది. ఎడమకన్ను మూసుకుంది.

"సార్," అంది స్వరూప. "ఒక్క నిమిషం మీరు కదలకుండ ఉండున్రి."

ఆయన కదలకుండా ఉన్నాడు. నాగేష్ మాట ఆపేశాడు.

"మీ కుడిచెయ్యి ఏడున్నది సార్?"

 సార్ తెరిచిన కుడికన్ను మెల్లగా తిరిగి తన మోచెయ్యి దాకా వచ్చింది. ఇంకా పైకి చూడలేక ఆగింది. వేళ్లు మాత్రం ఇంకా రెండుసార్లు తిప్పాయి. తర్వాత ఈక బయటికి వచ్చింది. వెలుతురులో పట్టుకుని ఆయన దాన్ని చూశాడు. కొసన కుచ్చు, కుచ్చున తేనెరంగు ముద్ద, ముద్దలో తెల్ల వెంట్రుక.

"కుడిరెక్క," అన్నాడు. ఈక వంపు చూశాడు. "మూడోది."

ఆయన స్వరూప వైపు తిరిగాడు.

"నీకెప్పటి సంది ఎర్కమ్మా?"

"ఆదివారం సంది సార్."

"మరెందుకు చెప్పలే?"

"సంతకం మీది సార్."

ఆయన ఈకను ట్రేలో పెట్టాడు. అంతలో నాగేష్ గాజుపళ్లెం గుర్తొచ్చి తన బొటనవేలూ చూపుడువేలూ చూసుకున్నాడు. "అక్కా," అన్నాడు నీరసంగా, "మొన్న నేను నలిపిన. సాగుతున్నదన్న. మైనమన్న." అని, ఆ చేతిని ఒంటికి దూరంగా చాచి పట్టుకుని, నల్లా ఉన్న వైపు పరుగెత్తాడు.

ముగ్గురూ కలిసి ఫ్రీజర్‌ను ముందుకు జరిపేసరికి మధ్యాహ్నమైంది. గోడవారన ఒక చిన్న కుప్ప. తీతువు ఈకలు, దుమ్ము, బల్లి రెట్టలు, ఎండిన చీమలు. ముద్దలు అంటుకుని ఈకలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. చీమలు అంతదాకా ఎందుకు వచ్చాయో, వచ్చి ఎందుకు చచ్చాయో ఆలోచించకూడదని స్వరూప అనుకుంది గానీ ఆలోచించేసింది.  చున్నీ ముక్కుకు కట్టుకుంది.

"పారేద్దామా?" అన్నాడు సార్ ఆశగా.

"పారేస్తే నాకు లెక్కలు లేవు సార్," అంది ఆమె. "మూడోది పాతదా కొత్తదా చూడకుంట ఆ రెక్కకు ఏమని రాస్త? పొడుగు కొలిచి, రంగు చూసి, ఏ ఈక ఏ రెక్కదో జోడి కలపాలె. అప్పుడే రేపు నిలబడి చెప్పగల్గుత. కుక్కలు లేవు, రాపిడి లేదు, అన్ని పిట్టల లెక్కనే మన పిట్ట గూడ వరస తప్పదని చెప్త."

"గంతేనా?" అన్నాడు ఆయన. ముప్పై ఏళ్ల కొలువులో దొరికిన ఒక్క కొత్త సంగతి అట్లా పోయింది. "గది అందరికి ఎర్కున్నదే గద."

"ఎర్కున్నదే సార్. కాని నిజం."

ఆయన కాసేపు కిటికీ వైపు చూశాడు. కుడిచెయ్యి పిట్ట వైపు కదలబోతే రెండో చేత్తో పట్టుకున్నాడు. తర్వాత నాగేష్‌ను పిలిచి, "తప్పయింది నాయనా," అన్నాడు. నాగేష్ చేతులకు అప్పటికి ఏడోసారో ఎనిమిదోసారో సబ్బు పట్టి ఉంది. "పర్వాలేదు సార్" అనే మాట వాడికి రాలేదు. "కప్పలకు తిండి పెట్టాలె" అని బయటికి పోయాడు.

"మరి కడిగేదెవరు?" అన్నాడు సార్.

స్వరూప గ్లౌజుల జత ఒకటి తీసి ఆయన ముందు పెట్టింది. గిన్నెలో స్పిరిటు పోసింది. పాత పళ్ల బ్రష్షు పక్కన పెట్టింది. తాను స్కేలూ భూతద్దమూ తీసుకుని బల్లకు అవతల కూర్చుంది.

సార్ మొదటి ఈక తీసుకున్నాడు. బ్రష్షుతో రుద్దితే ముద్ద కరిగి, స్పిరిటు పచ్చగా మారింది. మెత్తటి పొలుసులు తేలాయి.  రెండో ఈకకు సగం రుద్ది, మొహం పక్కకు తిప్పుకున్నాడు. మూడోదానికి లేచి, మూలనున్న సింకు దగ్గరికి పోయి, రెండు చేతులూ అంచున పెట్టి వంగాడు. పెద్ద మనిషి కక్కుతుంటే వీపంతా కదిలింది. స్వరూప లేవలేదు. నల్లా తిప్పిన చప్పుడు, పుక్కిలించిన చప్పుడు అయ్యాక ఆయన తిరిగొచ్చి కూర్చున్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"నా ఒంట్ల నుంచే వచ్చింది గద," అన్నాడు. "ఎట్లున్నది సూడు."

ఇంకో ఈక కడిగి, తుడిచి, ఆమె ముందుకు జరిపాడు. ఆమె చిమ్టాతో ఎత్తి భూతద్దం కింద పెట్టింది. కుచ్చు అంచు చిరిగి ఉంది, రంగు వెలిసింది. పాతదే. పొడుగు కొలవబోయి ఆగింది. ఈకను తిరిగి ఆయన గిన్నెలోకి వదిలింది.

"ఇంకా ఉన్నది సార్, కుచ్చు మొదట్ల. మళ్ల కడుగున్రి."